సారయ్య పేరున బియ్యం

వరంగల్ వెళ్లొచ్చానంటే మా కాకినాడలో అందరూ కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు. మూడు రోజుల్లో నేను చూసింది ఒక ఆటో, ఒక లాడ్జి, పరకాల బస్సు, పరకాల పక్క పల్లెలో ఒక రేకుల ఇల్లు. ఆ మాటంటే నా మొహంలోకి ఒకలా చూస్తున్నారు. దాని కంటే రాసిపెట్టడం తేలిక అనిపించి కూర్చున్నాను.

నేను మనస్తత్వ నిపుణురాలిగా పనిచేసి రిటైరైన మనిషిని. ఉద్యోగంలో ఉండగా ఒక జైలు వాళ్లు ఖైదీలను పరీక్షించమని అప్పుడప్పుడు పిలిచేవారు. పదిహేనేళ్ల కిందట అలా చూసినవాళ్లలో సారయ్య ఒకడు. ఇరవై ఆరేళ్లు. అడవిలోని పార్టీల నుంచి చీలిపోయిన ఒక చిన్న గుంపులో చేరి, వరంగల్ వైపే ఒక బస్టాండులో టిఫిన్ డబ్బాలో బాంబు పెట్టాడు. నలుగురు పోయారు. నలుగురూ బస్సు కోసం నిలబడ్డవాళ్లే. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి అతన్ని మా వైపు జైలుకు మార్చారు.

అతనితో నలభై నిమిషాలు మాట్లాడి ఉంటాను. చనిపోయినవాళ్లను తలుచుకుంటే బాధ లేదా అని అడిగితే పైన ఫ్యాను కేసి చూస్తూ "ఇప్పుడు బాధపడితే ఏమొస్తది" అన్నాడు. ఫారంలో పశ్చాత్తాపం అని ఉన్నచోట 'లేదు' అని రాశాను. కింద 'సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత' అని రాసి సంతకం పెట్టాను. ఎదుటివాడి బాధ తనకు పట్టకపోవడం, తప్పు చేశానన్న బాధే లేకపోవడం చిన్ననాటి నుంచీ మనిషిలో గట్టిపడిపోయాయని దానర్థం. మరో మూడేళ్లకు అతను కామెర్లతో జైల్లోనే పోయాడని తెలిసింది.

తర్వాత అలాంటి కేసుల్లో ఇంకా చాలామందిని చూశాను. ప్రతివాడిలోనూ ఆ రుగ్మత కోసం వెతికాను. ఎక్కడో ఒకరిద్దరిలో ఉంది. మిగతావాళ్లు అక్క ములాఖత్‌కు వస్తే ఏడ్చేవాళ్లు, పక్క ఖైదీకి జ్వరమొస్తే తడిగుడ్డ వేసేవాళ్లు. నాలాగే ఇతర దేశాల్లో వెతికినవాళ్లకూ పెద్దగా దొరకలేదని చదివాను. దొరికితే బాగుండేది. మనకూ వాళ్లకూ మధ్య ఒక గోడ ఉండేది. సారయ్య విషయంలో తొందరపడ్డానని అప్పటికే అర్థమైంది కానీ, పోయినవాడి కాగితం ఎవరు చదువుతారులే అనుకున్నాను.

చదివారు. మొన్న శ్రావణంలో ఫోన్ వచ్చింది. "మేడం, నేను సారయ్య అన్నను, కొమురయ్యను. మా తమ్మునికి మీరు రాసిన బీమారికి మందు ఉంటదా? మా అవ్వ అడగమంటాంది. మందేస్తే బతుకుతుండెనా అని."

వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ. అమ్మకు ఫోన్లో చెప్పే మాట కాదది. స్వయంగా వచ్చి చెబుతానన్నాను. టికెట్టు దొరికిన రోజుకు ప్రయాణం పెట్టుకున్నాను. ఏ తిథి, ఏ పండగ అని క్యాలెండర్ చూసిన పాపాన పోలేదు.

ఒక స్టేషను ముందే దిగాను

సామర్లకోటలో పొద్దున్నే రైలెక్కాను. ఎదురు సీట్లో హనుమకొండ బట్టల దుకాణం వాళ్లావిడ. ఖమ్మం దాటకముందే డబ్బా తెరిచి సర్వపిండి నా చేతిలో పెట్టింది. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు. మా అట్టూ కాదు, మా చెక్కా కాదు. తింటుంటే మా చెక్క కంటే బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

"తిను అక్కా, సిగ్గుపడకు. ఎవ్వలింటికి పోతున్నవ్?"

చుట్టాలింటికి అన్నాను.

"మంచిగైంది. ఎల్లుండే పెత్రమాస. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. చూసి పో."

తెలిసినట్టే తలూపాను. మా వైపు కొత్తవాళ్లు 'నువ్వు' అంటే మొహం ముడుచుకుంటాం. ఆవిడ నోట అది ఎప్పటినుంచో ఎరిగినట్టు ఉంది. సారయ్య కూడా నన్ను నువ్వు అనే అన్నాడు. 'అధికారం పట్ల గౌరవం లేదు' అని అదీ రాశాను. పిండి ముక్క గొంతుకు అడ్డంపడితే ఆవిడే నీళ్ల సీసా అందించింది.

కొమురయ్య రైల్వేలో ట్రాక్‌మన్. కాజీపేటలో దిగమన్నాడు. నేను వరంగల్ వెళుతున్నాను కదా అని, వరంగల్ బోర్డు కనబడగానే ఆవిడ వెనకాలే దిగిపోయాను. రైలు కదిలాక గాని తెలియలేదు, కాజీపేట తర్వాతి స్టేషనని. ఆవిడ నవ్వి, ఆటో మాట్లాడి పెట్టింది. అతను నాలుగు వందలంటే ఆవిడ మూడు వందలకు దింపింది. నేనైతే నాలుగు వందలూ ఇచ్చేసేదాన్ని.

ఆటో అతను నెరిసిన గడ్డం మనిషి. ఏం పనిమీద వచ్చావని అడిగాడు. రైల్లో ఒక అబద్ధం అయిపోయింది కనుక ఈసారి నిజం చెప్పాను. బస్టాండులో బాంబు పెట్టిన ఒకతని ఇంటికి అని.

"పిచ్చోడై ఉంటడమ్మా. సోయి ఉన్నోడు పెడతడా?"

"పిచ్చివాడైతే అంతమంది మధ్య ఎవరి కంటా పడకుండా డబ్బా పెట్టి, బస్సెక్కి వెళ్లిపోగలడా?"

హనుమకొండ రద్దీ దాటాక అన్నాడు. "గట్లయితే మనలాంటోడే అంటవా? అట్లనకమ్మా. మనకు నిద్ర పడ్తదా?"

సుబేదారిలో చాయ్

కాజీపేట స్టేషను బయట కొమురయ్య రెండు గంటలుగా నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఎండకు మాడి, మాట తక్కువ. నేను క్షమించమంటే "వరంగల్ల దిగినరా? అందరు గట్లనే దిగుతరు మేడం" అని నా సంచి అందుకున్నాడు. సుబేదారిలో లాడ్జి చూసిపెట్టాడు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాం. పావు గ్లాసు చాయ్ పదిహేను రూపాయలు. నేను కాఫీ ఉందా అని అడిగితే కుర్రవాడు వెళ్లి యజమానినే పిలుచుకొచ్చాడు. ఆయన నా వంక జాలిగా చూశాడు.

చాయ్ చల్లారుతుంటే కొమురయ్య తనంతట తానే చెప్పుకొచ్చాడు. చనిపోయిన నలుగురిలో ఒకామె ఇతనితో పట్టాల మీద పనిచేసే మనిషి భార్య. పేరు చెప్పాడు, నేను రాయను.

"ఒక్క గ్యాంగ్‌ల పదేండ్లు పనిచేసినం మేడం. నన్ను ఒక్క మాట అనలే. అనకపోవుడే పెద్ద కష్టం. అన్నం డబ్బ ఇప్పితే నేను ఇటు తిరిగి తినేది, ఆయన అటు తిరిగి తినేది. మూడేండ్ల కింద మీ కాగితం దొరికింది. పోయి చెప్పిన, అన్నా, మా తమ్మునికి బీమారట, డాక్టరమ్మ రాసింది, వానికి తెల్వకుంట అయింది అని. గప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు."

నేను డాక్టర్ను కానని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పవలసింది అది కాదు. "రేపు అమ్మగారి ముందే అన్నీ చెబుతాను" అన్నాను. నా గొంతులో ఏదో విని ఒక క్షణం చూశాడు, మళ్లీ చాయ్ అందుకున్నాడు.

పరకాల బస్సు

తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. నేనూ ఠీవిగా చూపించాను. అతను అటూ ఇటూ తిప్పి, "మీది ఆంధ్రా గదమ్మా, నలభై ఇయ్యాలె" అన్నాడు. వెనక సీటు ఆడవాళ్లు నవ్వారు. వాళ్ల ఒళ్లో గునుగు పూల కట్టలు, తంగేడు కొమ్మలు. మా వైపు ఆ గునుగును కలుపు మొక్కని పీకి పారేస్తాం. ఇక్కడ దానికి రంగులద్ది దేవతను పేరుస్తారు.

కిటికీ బయట పత్తి చేలు, రోడ్డు అంచున ఎండబోసిన మక్కలు, అంటే మా మొక్కజొన్నలు. కొమురయ్య తమ్ముడి సంగతి చెప్పాడు. సారయ్య పరకాల కాలేజీలో చదివేటప్పుడు కబడ్డీ ఆడేవాడు. జట్టులో ప్రాణస్నేహితుడు ముందు వెళ్లి ఆ గుంపులో కలిశాడు. ఏడాదికి శవమై వచ్చాడు. ఆ అంత్యక్రియలకు పోయిన సారయ్య తిరిగి ఇంటికి రాలేదు. నేను తర్వాత చూసినవాళ్లలో సగానికి సగంమంది కథ ఇలాగే మొదలవుతుంది. ఒకడి వెనక ఒకడు, స్నేహితుడో, బావో, ఒకే గదిలో ఉన్నవాడో. నలభై నిమిషాల్లో నేను అతన్ని ఆ ప్రశ్న అడగనేలేదు.

"బాపు వాని పేరు ఎత్తనియ్యలే. సచ్చేదాక" అన్నాడు కొమురయ్య. తండ్రి పోయినప్పుడు చాలా బాధపడ్డారా అని మర్యాదకు అడిగాను.

కిటికీ వైపు తిరిగాడు. "ఏడిస్తే ఏమొస్తది మేడం."

గొంతు అంతే పొడిగా ఉంది, మాట అంతే చప్పగా ఉంది. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. సారయ్య ఫ్యాను కేసి చూసినప్పుడు నేను ఫారం కేసి చూస్తున్నాను. అతని కళ్లెలా ఉన్నాయో నాకు తెలియదు. ఆ బస్సులో నాకు ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుని దుమ్మని చెప్పాను.

చాటలో బియ్యం

కొమురయ్య తల్లి లచ్చమ్మ వసారాలో కాళ్లు చాపుకొని చాటలో బియ్యం ఏరుతోంది. డెబ్బై పైనే ఉంటాయి. నన్ను చూసి "వచ్చినవా బిడ్డా, కూసో" అంది, నిన్న బజారుకెళ్లి ఇవాళ వచ్చినదానితో అన్నట్టు. కొమురయ్య భార్య సరోజన వేడివేడి మక్కగారెలు పెట్టింది. పచ్చి మక్కగింజలు రుబ్బి చేసినవి, బెల్లం లేకుండానే తియ్యగా ఉన్నాయి.

లచ్చమ్మ ముందు నాలుగు విస్తరాకులు పరిచి ఉన్నాయి. ఒక్కో దాంట్లో గుప్పిళ్లతో కొలిచి బియ్యం పోస్తోంది. రేపటి పెత్రమాసకు. మేం మహాలయ అమావాస్య అంటాం, మా ఇంట్లో తర్పణాలు మగవాళ్లు గోదావరి ఒడ్డున వదిలి వస్తారు, ఆడవాళ్లకు వంటే. ఇక్కడ అయ్యగారు, అంటే పురోహితుడు, ఇంటికి వస్తాడు. పోయినవాళ్ల పేర్లు ఇంటి పెద్ద మగవాడు ఒక్కొక్కటే చెబుతాడు. ఒక్కో పేరున బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు ఇస్తారు. బియ్యం ఇచ్చుడు అంటారు. పేరు చెప్పి ఇస్తేనే ఆ మనిషికి చేరుతుంది.

"గిది మా మామది. గిది మా అత్తది. గిది మా ఆయినెది" అని చూపించింది లచ్చమ్మ. నాలుగోది నేను అడగలేదు. "గిది మా సారిగానిది" అని ఆమే అంది.

తండ్రి బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో సారయ్యకు బియ్యం లేవు. తెలిసి నలుగురిని చంపినవాడికి నా గడపలో గింజ పడొద్దని ఒట్టు పెట్టాడట. ఆయన పోయాక కేసు కాగితాల కట్టను వకీలు ఇంటికి పంపాడు. అందులో నా పేజీ ఉంది. కొమురయ్య పదిమందికి చూపించి చదివించుకున్నాడు. బీమారోడు, తెలవక చేసిండు, తెలవక చేసినోనికి ఇయ్యచ్చు అని తేల్చాడు. రెండేళ్లుగా తనే పేరు చెప్పి ఇస్తున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నా సంతకం ఏం మోస్తోందో. మాట్లాడకుండా గారె తినేసి, మందు లేదమ్మా అని ఒక్క ముక్క అనేసి రావచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ పదిహేనేళ్ల బరువు దించుకోవాలని అంత దూరం వచ్చాను, దించుకునే తీరాలనిపించింది. అప్పుడు దాన్ని నిజాయితీ అనుకున్నాను.

కొమురయ్య వచ్చి గడప మీద కూర్చున్నాడు. "అడుగవ్వా" అన్నాడు.

లచ్చమ్మ చాట దించింది. "వానికి మందు ఉండెనా బిడ్డా?"

"జబ్బే లేదమ్మా. నేను రాసింది తప్పు."

కొమురయ్య గడప మీంచే ముందుకు వంగాడు. "లేకపోవుడేంది? రాసినరు గదా."

"రాశాను. తొందరపడి రాశాను. మీ తమ్ముడు మనందరిలాంటి మనిషే."

"అంటె సోయితోనే పెట్టిండా?"

"అవును. కానీ అతనికి బాధ ఉందనుకుంటున్నాను. నాకు అప్పుడు తెలియలేదు."

"బాధున్నోడు డబ్బ ఎట్ల పెడతడు మేడం?"

నా వృత్తికి తెలిసినంత చెప్పాను. స్నేహితుడి చావు, కోపం, చిన్న గుంపులో రాత్రింబవళ్లు వినిపించే ఒకటే మాట, మొదట ఒక ఉత్తరం అందించడం, తర్వాత ఒక సంచి దాచడం, అలా ఒక్కో మెట్టు. అతను శ్రద్ధగా విన్నాడు. విన్నాక, "గవన్ని నాకు కూడ ఉండె. నా తమ్ముడు పోయిండు, కోపం రాలేదా? నేనేం పెట్టలే" అన్నాడు.

లచ్చమ్మ మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. "గారెలు సల్లారుతానయ్, తిను బిడ్డా" అంది కాసేపటికి.

అమావాస్య పొద్దున

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున్నే కుళాయి దగ్గర కొమురయ్యను పట్టుకున్నాను. జబ్బున్నా లేకపోయినా పోయిన మనిషి కదా, ఎప్పటిలాగే ఇవ్వండి అని బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు.

"బీమారున్న తమ్ముడైతే మోయగలిగిన మేడం" అన్నాడు. "రేపు డ్యూటీకి పోయి గ్యాంగ్‌ల ఆయనకు ఏం చెప్పాలె? నేను చెప్పింది అబద్ధం, నీ చెయ్యి తీసుకో అని చెప్పాల్నా? చెప్పకుంట దాచిపెట్టాల్నా?"

"దాచిపెట్టండి."

"మీరు దాచిపెట్టకపోతిరి" అన్నాడు, కోపం లేకుండా.

అయ్యగారు బండి మీద వచ్చాడు. ఆ పొద్దు ఊళ్లో అన్ని ఇళ్లూ ఆయన కోసమే కాచుకొని ఉంటాయి, కూర్చోవడానికి కూడా తీరిక లేదు. విస్తరాకులు వరసగా పెట్టి ఉన్నాయి, నాలుగూ. కొమురయ్య తలకు తువ్వాల చుట్టుకొని కూర్చున్నాడు. తాత పేరు చెప్పాడు. నానమ్మ పేరు చెప్పాడు. బాపు పేరు చెప్పాడు. ఒక్కొక్కటీ అయ్యగారి సంచిలోకి వెళ్లింది. నాలుగో ఆకు దగ్గర అయ్యగారు చెయ్యి చాపి, "పేరు?" అన్నాడు.

కొమురయ్య నేల చూస్తూ ఉన్నాడు. "అది ఇచ్చేది కాదు అయ్యగారు. గంతే."

అయ్యగారు లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆయనకు ఇంకా ఇళ్లున్నాయి. సరోజన ఆ ఆకును రెండు చేతులతో ఎత్తుకొని వంటింట్లోకి తీసుకెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు మా అందరికీ వినబడింది.

ఎంగిలిపూలు

మర్నాడు పొద్దున కాజీపేటలోనే, ఈసారి సరిగ్గా చూసుకొని రైలెక్కాను. తిరుగు ప్రయాణంలో చెప్పుకోవలసింది ఏమీ లేదు. ముందురోజు సాయంత్రం సంగతి ఒక్కటే మిగిలింది.

ఎండ తగ్గాక వీధిలో ఆడవాళ్లు బతుకమ్మలను మధ్యలో పెట్టి చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. సరోజన వెళ్లింది. లచ్చమ్మ మోకాళ్ల నొప్పులని నాతో వసారాలోనే ఉండిపోయింది. అక్కడినుంచి పాట వినబడుతుంది, మాటలు తెలియవు. నేను క్షమించమని అడగాలని చాలాసేపు మాటలు కూర్చుకున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"వానికి బీమారి లేదని నాకు ఎరుకే బిడ్డా. నేను గాదా కన్నది. మంచిగున్నోడే గంత పని చేసిండు. నాకు గదే ఏడుపు."

"మరి మందు గురించి ఎందుకు అడిగించారమ్మా?"

"కొమురయ్య చెవుల పడాలని. ఉండె, ఇంకింత ముందు తీసుకొస్తె బతుకుతుండె అని నువ్వు ఫోన్ల ఒక్క మాటంటె, వాని మనసుల గట్టిగ నిలబడతదనుకున్న. నేను పోయినంక గూడ తమ్మునికి బియ్యం ఇస్తడనుకున్న. నువ్వు రైలెక్కి వస్తవని నాకేం తెల్సు?"

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి అందుకోలేదు, వద్దనీ అనలేదు. చెయ్యి ఎక్కడ ఉందో అక్కడే ఉంచింది. వీధిలో పాట ఆగి మరొకటి అందుకున్నారు. అదీ కాస్త వింది.

"నిజమే చెప్పినవ్, నేను కాదంటలే" అంది. "అయ్యగారు పోయినంక చెప్తే ఏమైతుండె? ఒక్క పూట ఆగకపోతివి బిడ్డా."